మలేరియా మాత్ర కోసం వాలంటీర్‌గా వెళ్లొచ్చాను: నా అనుభవం

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో ఒక మందుల పరీక్ష కేంద్రంలో, పిల్లలకు మలేరియా వస్తే నీళ్లలో కలిపి తాగించే మాత్ర మీద జరిగిన స్టడీలో 2025 సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా వాలంటీర్‌గా ఉన్నాను. చివరి డబ్బులు కూడా అకౌంట్‌లో పడ్డాయి. తెలిసిన వాళ్లంతా రెండే అడుగుతున్నారు, ఎంత ఇచ్చారు, ఒంటికి ఏమన్నా అయిందా అని. రెండూ చెప్తాను. కానీ ఆ రెండిటికీ మధ్యలో చాలా జరుగుతుంది, అది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

ఎందుకు వెళ్లానంటే, దాపరికం ఏం లేదు, డబ్బుల కోసమే వెళ్లాను. మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ఎండాకాలంలో పాత బోరు ఎండిపోతే కొత్తది వేయించాం, ఆ అప్పుకు వడ్డీ నెల నెలా కట్టాలి. ఆగస్టులో కాయ తెంపితే ధర లేదు. మా ఊరి అన్న ఒకాయన ఇంతకుముందు షుగర్ మందు స్టడీకి వెళ్లొచ్చాడు, ఆయన ఇట్లాంటి స్టడీలకు మనుషుల్ని పంపే ఒక ఏజెంట్ నంబర్ ఇచ్చాడు. ఫోన్ చేస్తే ఆ ఏజెంట్ మొదటి మాటే, "ఇంతకుముందు ఏ స్టడీ చేసినా చేయలేదనే చెప్పు, తాగుడు అలవాటు ఉందా అంటే ముట్టనని చెప్పు" అన్నాడు. నేను ఏ స్టడీ చేయలేదు కాబట్టి నాకు అబద్ధం చెప్పే అవసరం రాలేదు, కానీ కొత్తగా వచ్చే వాళ్లకు మొదట చెవిన పడేది ఈ మాటే కావడం నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఎందుకు బాధో ముందు ముందు చెప్తాను.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. మందుల పరీక్షలకు పోయిన వాళ్ల గురించి పేపర్లలో వచ్చిన వార్తలు మా అక్కకు గుర్తున్నాయి. అమ్మ అయితే మలేరియా అన్న మాట వినగానే, "ఏందిరా, నీకు మలేరియా ఎక్కించి మందు ఇస్తరా?" అని ఏడ్చినంత పని చేసింది. ఆమె భయానికి కారణం ఉంది. నేను చిన్నగా ఉన్నప్పుడు మా నాయిన నల్లమల దిక్కు కూలి పనికి పోయి చలిజ్వరంతో తిరిగొచ్చాడు. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకునేవి, కాసేపటికి ఒళ్లు కాలిపోయేది, తర్వాత చెమటలు పట్టి మంచమంతా తడిసిపోయేది. చేదు మాత్రలు వేస్తే కక్కేవాడు. అమ్మ అదంతా చూసింది కాబట్టి ఆమెను ఏమీ అనలేకపోయాను, అడిగి తెలుసుకున్నాకే సంతకం పెడతానని మాటిచ్చి బయలుదేరాను.

సెప్టెంబర్ మొదటి వారంలో స్క్రీనింగ్. ముందు రోజు రాత్రి తొందరగా తిని, పొద్దున ఏమీ తినకుండా రావాలన్నారు. దేవరకొండలో తొలి బస్సు ఎక్కి మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా ఎల్బీనగర్‌లో దిగి, అక్కడి నుంచి మెట్రో. రానుపోను ఛార్జీలు నాలుగొందల దాకా అయ్యాయి. స్క్రీనింగ్‌లో సెలెక్ట్ కాకపోయినా కొంత ఇస్తారు గానీ అది ఛార్జీలకు, ఆ రోజు పోయిన కూలికి సరిపోదు. ఇది ముందే లెక్కేసుకోండి.

అక్కడ మొదట వేలిముద్ర తీసుకున్నారు. నా ముందు నిలబడ్డ అబ్బాయిది కల్వకుర్తి వైపు, అతని వేలు పెట్టగానే కంప్యూటర్‌లో ఏదో వచ్చింది. నెలన్నర కింద వేరే కేంద్రంలో స్టడీ చేశాడట. ఒక స్టడీకి, ఇంకో స్టడీకి మధ్య మూడు నెలలు గ్యాప్ ఉండాలి, ఈ కేంద్రాల మధ్య ఆ సమాచారం కలిసే ఉంటుంది. అతన్ని గట్టిగా ఏమీ అనలేదు, పక్కన కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పి పంపించారు. పాపం, తెల్లవారుజామున బయలుదేరి వచ్చాడు. ఏజెంట్ చెప్పమన్న అబద్ధం అతనికి ఒక రోజు కూలి పోగొట్టింది. ఒకవేళ అది దొరక్కపోయి ఉంటే ఇంకా ఘోరం, లోపల పాత మందు ఉండగానే కొత్త మందు పడేది, రక్తం ఇచ్చి ఇచ్చి ఉన్న ఒంట్లోంచి మళ్లీ తీసేవాళ్లు.

తర్వాత ఒక గదిలో ఇరవై మంది దాకా కూర్చోబెట్టి డాక్టర్ మేడమ్ వచ్చి కన్సెంట్ ఫారం, అంటే అన్నీ తెలుసుకుని ఒప్పుకుంటున్నామని మనం సంతకం పెట్టే కాగితం, చదివి చెప్పారు. తెలుగులోనే ఉంది, చాలా పేజీలు. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. దయచేసి అట్లా చేయకండి, మొత్తం వ్యవహారంలో మన చేతిలో ఉన్నది ఆ ఒక్క గంటే. నేను అమ్మ ప్రశ్నే మొదట అడిగాను. మలేరియా ఎక్కిస్తారా మేడమ్ అని. ఆమె నవ్వలేదు. "మంచి ప్రశ్న. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ లాంటి చోట్ల అట్లాంటి స్టడీలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు వాళ్లు ఒప్పుకున్నాకే మలేరియా క్రిమిని కొద్దిగా ఎక్కించి, కొద్ది రోజులకే కొత్త మందుతో తగ్గిస్తారు. కొత్త మందు పనిచేస్తుందో లేదో తొందరగా తెలుస్తుంది. ఇక్కడ అది కాదు. మీకు మాత్ర ఇస్తాం, రక్తంలో అది ఎంత చేరిందో కొలుస్తాం, అంతే" అన్నారు. ఆ మాట అప్పుడే బయటికొచ్చి అమ్మకు ఫోన్‌లో చెప్పాను.

ఆ గదిలో నాకు అర్థమైంది ఇది. మాత్రలో ఉండే మందులు రెండు, ఆర్టిమీథర్, లూమెఫాంట్రిన్. రెండూ కొత్తవి కావు. ఆర్టిమీథర్‌కు మూలమైన ఆర్టిమిసినిన్‌ను ఒక చైనా మొక్క నుంచి తీశారు, దాన్ని కనిపెట్టిన తూ యూయూ గారికి 2015లో నోబెల్ వచ్చింది. ఈ రెండూ కలిపి పిల్లల కోసం నీళ్లలో కరిగే మాత్ర మొదటిసారి 2009లో వచ్చింది. ఇప్పుడు ఇంకో కంపెనీ అట్లాంటిదే తక్కువ ధరకు చేసింది, అది పాతదానిలాగే రక్తంలోకి చేరుతుందని రుజువైతే గానీ ఆఫ్రికా దేశాలకు కొనే సంస్థలు తీసుకోవు. ఆ రుజువు కోసమే మేము. ప్రతి మనిషికీ ఒకసారి పాత మాత్ర, ఒకసారి కొత్త మాత్ర ఇస్తారు, ఏది ముందు ఏది తర్వాత అనేది లాటరీ. నా రక్తాన్ని నా రక్తంతోనే పోలుస్తారు. పాత మాత్రతో పోలిస్తే కొత్త మాత్ర రక్తంలోకి చేరిన లెక్క 80 నుంచి 125 శాతం హద్దుల లోపల పడాలి, పడకపోతే ఆ మాత్ర అక్కడే ఆగిపోతుంది.

పిల్లల మందును పెద్దవాళ్ల మీద ఎందుకు చూస్తారని ఒకాయన అడిగాడు. "ఒంట్లో బాగోలేని పసిపిల్లల నుంచి ఇన్నిసార్లు రక్తం తీయలేం కదా, అందుకే ఈ లెక్క ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో చూస్తాం" అన్నారు మేడమ్. తర్వాత ఆమె చెప్పిన లెక్క నా మనసులోంచి ఇప్పటికీ పోవట్లేదు. 2023 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో 26 కోట్ల 30 లక్షల మందికి మలేరియా వచ్చింది, 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. ఆ చావుల్లో 95 శాతం ఆఫ్రికాలోనే. అక్కడ చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఐదేళ్ల లోపు పిల్లలు. నేను డబ్బుల కోసం వచ్చిన మాట నిజమే గానీ, ఆ గదిలోంచి లేచేటప్పుడు డబ్బుల కోసమే ఉన్నానని మాత్రం అనలేను. మా అక్క కొడుక్కి మూడేళ్లు.

కాగితంలో ఇంకా ఏముంటాయంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు కారణం చెప్పకుండా మానేయొచ్చు. స్టడీ వల్ల ఏమన్నా అయితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే ఉంది. వాలంటీర్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉంటుంది, కేంద్రం మీద ఫిర్యాదు ఉంటే నేరుగా వాళ్లకే చెప్పుకోవచ్చు. సంతకం చేశాక ఒక కాపీ మనకు ఇవ్వాలి. నాకు అడిగాకే ఇచ్చారు, అడగని వాళ్లు కాపీ లేకుండానే వెళ్లిపోవడం చూశాను.

అప్పుడు పరీక్షలు. ఎత్తు, బరువు, బీపీ, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, మూత్రం, చాలా ట్యూబుల రక్తం. హెచ్‌ఐవీ, కామెర్ల పరీక్షలు కూడా చేస్తారు, దానికి వేరే సంతకం. ఈసీజీ మీద ఎక్కువ పట్టింపు ఉంది, ఈ జాతి మందులు కొందరిలో గుండె లయ మీద ప్రభావం చూపుతాయని జాగ్రత్త. బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఒక అరటిపండు, ఉప్మా పెట్టారు. రిజల్ట్ కోసం వారం పైనే ఎదురుచూశాను, ఆ వారం ఫోన్ మోగితే చాలు టెన్షన్. ఏదన్నా జబ్బు బయటపడుతుందేమోనని ఒక భయం, సెలెక్ట్ కానేమోనని ఇంకో భయం. చివరికి ఓకే అన్నారు. మాతో వచ్చిన ఒకాయనకు రక్తం తక్కువ ఉందని తీసేశారు, ఆయనకు ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఫోన్‌లో జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఒకటి విని నేను నమ్మలేదు. మందు, సిగరెట్, గుట్కా, టీ కాఫీలు ముట్టొద్దన్నారు, సరే. పంపర పనస, నిమ్మజాతి పండ్లు, వాటి రసాలు కూడా వద్దన్నారు. బత్తాయి కూడానా అని అడిగా. కూడా అన్నారు. బత్తాయి తోటలో ఉంటూ, కాయ తెంపే రోజుల్లో, ఒక్క కాయ నోట్లో పెట్టొద్దంటే ఎట్లా? కారణం తర్వాత మేడమ్ చెప్పారు. మన పేగుల్లో కొన్ని మందులను విరిచేసే ఒక ఎంజైమ్ ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ అనే పెద్ద నారింజ జాతి పండు దాన్ని అణిచేస్తుంది, అప్పుడు ఆర్టిమీథర్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా రక్తంలోకి పోతుంది. బత్తాయి అంత చేస్తుందని కాదు గానీ, ఆ జాతి మొత్తాన్నే దూరం పెడతారు. మా నాయిన ఇది విని, "ముప్పై ఏండ్ల సంది తోట చేస్తున్న, గీ ముచ్చట ఎవ్వలు చెప్పలే" అని ఆశ్చర్యపోయాడు.

బతుకమ్మ మొదలవడానికి ముందే మొదటి విడత చెక్-ఇన్ అయింది. సాయంత్రం వెళ్లాలి. గేటు దగ్గర బ్యాగులన్నీ విప్పి చూశారు, జేబుల్లోంచి అంబర్ పొగాకు ప్యాకెట్లు, బీడీలు ఎన్ని బయటికొచ్చాయో. నోట్లో పైపు పెట్టి ఊదించారు, మూత్రం పరీక్ష మళ్లీ చేశారు. డ్రెస్ ఇచ్చి దాని మీద నంబర్ వేశారు. అక్కడి నుంచి మన పేరు పోతుంది, నంబరే. పెద్ద హాల్‌లో వరుసగా మంచాలు, ఏసీ బాగా చలి. లోపల వేసుకోవడానికి ఫుల్ బనీను తీసుకెళ్లడం మంచిది, వాళ్లిచ్చే దుప్పటి సరిపోదు. రాత్రి భోజనం బాగానే ఉంది, అన్నం, పప్పు, చపాతీ. ఆ తర్వాత పది గంటలు ఏమీ తినొద్దు.

తెల్లారకముందే లేపారు. మోచేతి దగ్గర కాన్యులా, అంటే రక్తం తీయడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం, పెట్టారు, పెట్టేటప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత ఆ చెయ్యి మడవడానికి భయమేస్తుంది. మందుకు ముందు ఒక రక్తం శాంపిల్ తీశారు. తర్వాత టిఫిన్. ఇది మాత్రం వివరంగా చెప్పాలి. వెన్న దట్టంగా రాసిన బ్రెడ్, నూనెలో వేయించిన ఆలుగడ్డ, ఆమ్లెట్, గ్లాసు నిండా చిక్కటి పాలు. అరగంటలో మొత్తం అయిపోవాలి, ఒక్క ముక్క మిగలొద్దు. పక్కన ఒకాయన గడియారం పట్టుకుని నిలబడి ప్లేట్ చూస్తుంటాడు. చివరి బ్రెడ్ ముక్క నోట్లో తిరుగుతోంది గానీ గొంతు దిగట్లేదు, ప్లేట్‌కు అంటిన వెన్న కూడా బ్రెడ్‌తో తుడిచి తినమన్నారు. పొద్దున చద్దన్నంలో ఉల్లిగడ్డ నంజుకునే కడుపు నాది. ఇంత కొవ్వు ఎందుకంటే, లూమెఫాంట్రిన్ నీళ్లలో కలిసే రకం కాదు, కొవ్వుతో పాటే పేగుల్లోంచి లోపలికి పోతుంది. ఖాళీ కడుపుతో వేసుకున్న దానికంటే కొవ్వున్న తిండితో వేసుకుంటే 16 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరిందని పాత స్టడీల్లో తేలింది. అందుకే మలేరియా వచ్చిన పిల్లలకు ఈ మందు పాలతోనో, తల్లిపాలతోనో, ఏదో ఒక తిండితోనో ఇవ్వమంటారు. జ్వరంతో ఏదీ తినని పిల్లకు తిండి పెట్టి మందు తాగించాలి, అది కూడా మూడు రోజుల్లో ఆరు డోసులు. ఆ తల్లుల కష్టం ఏంటో అప్పుడు తెలిసింది.

తర్వాత డోసింగ్. ఒక్కొక్కరికి రెండు నిమిషాల తేడాతో. చిన్న గ్లాసులో నాలుగు మాత్రలు వేసి నీళ్లు పోసి తిప్పారు, పసుపు పచ్చగా కలిసిపోయాయి. తీపి వాసన, తాగితే మొదట తియ్యగా ఉండి చివర్లో చేదు నాలుక మీద నిలబడింది. గ్లాసు కడిగిన నీళ్లు కూడా తాగించారు. తర్వాత టార్చ్ వేసి, పుల్లతో నాలుక కింద, బుగ్గల పక్కన అంతా చూశారు. నాయిన చేదు మాత్రలు కక్కడం గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఆయనకు ఇట్లాంటిది దొరికి ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి మొదటి రోజంతా రక్తమే. మొదట్లో అరగంటకొకసారి, తర్వాత గంటకొకసారి, రాత్రయ్యే కొద్దీ గ్యాప్ పెరుగుతుంది. గోడ మీద ఎర్ర అంకెల గడియారం, మన నంబర్ పిలవగానే ఆ నిమిషానికి కుర్చీలో ఉండాలి. గంటసేపు నీళ్లు వద్దు, నాలుగు గంటలు తిండి వద్దు, పడుకోవద్దు. రెండు విడతలూ కలిపి తీసే రక్తం ఒకసారి రక్తదానం చేసినంత కూడా కాదని కాగితంలో ఉంది, కానీ అన్నిసార్లు తీస్తుంటే మనసుకు అంతకంటే ఎక్కువ అనిపిస్తుంది.

మధ్యాహ్నానికి నాకు తలనొప్పి, కొంచెం తల తిరగడం మొదలైంది. పక్క మంచం అతను, "చెప్పకు, చెప్తే తీసేస్తరు" అన్నాడు. నేను చెప్పాను. డాక్టర్ వచ్చి బీపీ చూసి, టైమ్ రాసుకుని, ఎంతసేపు ఉందో మళ్లీ మళ్లీ అడిగారు. తీసేయలేదు, సాయంత్రానికి దానంతటదే తగ్గింది. "మీరు చెప్పే ప్రతి నొప్పీ ఈ స్టడీలో భాగమే, దాచిపెడితే మాకు వచ్చేది తప్పుడు లెక్క" అన్నారు ఆయన. నాకు ఆ మాట చాలా పెద్దదిగా అనిపించింది. మనం దాచే తలనొప్పి ఎక్కడో ఒక పిల్లకు వచ్చినప్పుడు, ఆ డాక్టర్ చేతిలో ఉన్న కాగితంలో అది ఉండదు.

ఇంకో అబ్బాయికి మాత్రం మందు తాగిన గంటకే వాంతి అయింది. ఆ వెన్న, పాలు పడలేదు. చాలాసేపు ఆపుకున్నాడు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు కారుతుంటే కూడా ఆపుకున్నాడు, తర్వాత వల్ల కాలేదు. మందు బయటికి పోయింది కాబట్టి లెక్క కుదరదు, స్టడీ నుంచి తీసేశారు. ఉన్నంతవరకు డబ్బులు ఇస్తారు, అది కాగితంలోనే ఉంది, ఆరోగ్యం కుదుటపడే దాకా అక్కడే ఉంచి చూసుకున్నారు కూడా. కానీ అతను గోడ వైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. చెల్లె ఫీజు కట్టాలని వచ్చాడు. తన చేతిలో లేని దానికి మిగతా డబ్బులు పోవడం నాకు న్యాయంగా అనిపించలేదు, డాక్టర్‌తో కూడా ఆ మాట అన్నాను, ఆయన తలూపారు గానీ ఏమీ చెప్పలేదు.

రెండు రాత్రులు ఉంచి పంపించారు, మూడో రోజు శాంపిల్‌కు మళ్లీ రావాలి. దేవరకొండ పోయి రావడం అయ్యే పని కాదు, దిల్‌సుఖ్‌నగర్‌లో బావమరిది రూమ్‌లో ఉన్నాను. సిటీలో ఎవరూ లేని వాళ్లు ఈ ఖర్చు కూడా చూసుకోవాలి.

తర్వాత నెలకు పైగా గ్యాప్. దాన్ని వాషౌట్ అంటారు. ఆర్టిమీథర్ గంటల్లో పోతుంది గానీ లూమెఫాంట్రిన్ ఒంట్లోంచి సగం తగ్గడానికే రోజులు పడుతుంది. పూర్తిగా పోయాకే రెండో మాత్ర. ఆ నెల మధ్యలోనే దసరా వచ్చింది. మా దిక్కు దసరా అంటే మటన్, మందు, చుట్టాలు. బావ గ్లాసు చేతిలో పెట్టి, "ఒక్కటే బావా, ఎవరికి తెలుస్తది" అంటాడు. వద్దంటే అలిగాడు. కల్లు కూడా ముట్టలేదు. అందరికంటే అమ్మకే ఎక్కువ సంతోషం. మధ్యలో జలుబు, ఒళ్లు నొప్పులు వచ్చాయి, మామూలుగా అయితే మెడికల్ షాపుకు పోయి ఏదో ఒకటి వేసుకుంటాం. ఇక్కడ వాళ్లిచ్చిన నంబర్‌కు ఫోన్ చేయాలి. రాత్రి తొమ్మిదికి చేసినా ఎత్తారు, పారాసిటమాల్ వేసుకోమని, ఎన్ని గంటలకు వేసుకున్నానో రాసిపెట్టుకోమని చెప్పారు.

దీపావళి అయ్యాక అక్టోబర్ చివర్లో రెండో విడత. అంతా మొదటిలాగే, కాకపోతే ఈసారి అర్ధరాత్రి కాన్యులా మూసుకుపోయింది. ఇంకో చేతికి మళ్లీ సూది. నరం దొరక్క రెండుసార్లు గుచ్చారు, పొద్దున్నే చూస్తే మోచేతి దగ్గర నీలంగా కమిలిపోయింది, వారం దాకా ఉంది. ఇంటికొచ్చినప్పుడు పూర్తి చేతుల చొక్కా వేసుకుని అమ్మకు కనిపించకుండా చూసుకున్నాను. ఇంతకుమించి ఒంటికి ఏమీ కాలేదు. చివరి శాంపిల్ అయ్యాక మళ్లీ ఈసీజీ, రక్త పరీక్షలు చేసి, అన్నీ మామూలుగా ఉన్నాయని చెప్పి పంపించారు. ఆ రిపోర్టులు మనకు వాటంతటవే ఇవ్వరు, అడిగితే జిరాక్స్ ఇస్తారు. అడగండి, అవి బయట చేయించుకుంటే వేలల్లో అవుతాయి.

డబ్బుల సంగతి. మొత్తం 28 వేలు. మొదటి విడత తర్వాత కొంత, మిగతాది చివరి చెకప్ రిజల్ట్ వచ్చాక. వారంలో పడుతుందన్నది రెండు వారాలు పైన పట్టింది, మధ్యలో మూడు నాలుగు సార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. పడ్డ మర్నాడే ఏజెంట్ ఫోన్, తనకు 2 వేలు పంపమని. ఎవరికీ కమీషన్ ఇవ్వనవసరం లేదని కేంద్రం గోడ మీదే రాసి ఉంది, ఆ బోర్డు ఫోటో అతనికి పంపాను. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తట్లేదు. మా అన్నకు మాత్రం ఫోన్ చేసి నన్ను తిట్టాడట. మందు తయారు చేసేవాళ్లు, డాక్టర్లు, నర్సులు నిమిషం తేడా రాకుండా చూసుకునే పనిలోకి మొదటి అడుగే ఇట్లాంటి వాళ్ల చేతుల మీదుగా పడటం మారాలి. పేదవాళ్లు నిజం చెప్పినా నష్టపోకుండా ఉంటేనే వాళ్ల రక్తంలోంచి వచ్చే లెక్క నిజమవుతుంది.

చివరి రోజు మేడమ్‌ను ఇంకో సంగతి అడిగాను, పాత మందునే తక్కువ ధరకు చేస్తే సరిపోతుందా, కొత్తవి రావా అని. సరిపోదన్నారు. ఆఫ్రికాలో రువాండా, ఉగాండా లాంటి చోట్ల మలేరియా క్రిమి ఆర్టిమిసినిన్ మందులకు కొంత తట్టుకోవడం నేర్చుకుంటోంది, అందుకే కొత్త మందు కావాలి, అది వచ్చేదాకా ఉన్నది ప్రతి పిల్లకూ అందాలి, రెండూ కావాలన్నారు. ఇంటికొచ్చాక నేనే వెతికి చదివాను. 2025 నవంబర్‌లోనే గానాప్లాసైడ్ అనే పూర్తి కొత్త మందును, నేను తాగిన లూమెఫాంట్రిన్‌తోనే కలిపి 12 ఆఫ్రికా దేశాల్లో రోగుల మీద చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి, బాగా పనిచేసిందట. రోజుకొకసారి, మూడు రోజులు, పొడి ప్యాకెట్. ఆరు డోసులు అక్కర్లేదు. 2025 జూలైలో రెండు నుంచి ఐదు కిలోల లోపు బరువున్న పసికందుల కోసం కూడా ఆర్టిమీథర్, లూమెఫాంట్రిన్ మాత్రకు స్విట్జర్లాండ్‌లో అనుమతి వచ్చింది, అంత చిన్న పిల్లలకు సరిపడే మలేరియా మందు అదే మొదటిదట. ఇవి చదువుతుంటే ఇంతకుముందు అయితే పేజీ తిప్పేసేవాణ్ణి. ఇప్పుడు ప్రతి లైను వెనక నాలాగా కుర్చీలో చెయ్యి చాపిన మనుషులు కనిపిస్తున్నారు.

మళ్లీ వెళ్తావా అంటే, మూడు నెలలు ఎట్లాగూ కుదరదు. ఆ తర్వాత కూడా ఇదే పనిగా పెట్టుకోను, అట్లా ఒకదాని తర్వాత ఒకటి తిరిగే వాళ్లను అక్కడ చూశాను, వాళ్ల చేతుల మీద మచ్చలు చూశాను. పిల్లల మందు అయితే, కాగితం చదివి, ఆలోచిస్తాను. మా ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు పోతామంటున్నారు, ఒకడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు, వాణ్ణి ఆధార్ కార్డు మార్పించి తీసుకెళ్తానన్నాడట ఆ ఏజెంటే. వాళ్ల నాయినతో మాట్లాడి ఆపించాను. రెండో అతనికి నా కన్సెంట్ ఫారం కాపీ ఇచ్చి చదవమన్నాను, ఇప్పటికే పది ప్రశ్నలు రాసుకొచ్చాడు. దేవరకొండ, కొండమల్లేపల్లి, డిండి వైపు ఎవరైనా వెళ్లాలనుకుంటే అడగండి, ఆ కాగితంలో ఏ పేజీలో ఏముంటుందో, ఏం అడగాలో కూర్చుని చెప్తాను.